వేలాడి చూసి కొనే పట్టీ

నిలబడి ఉన్నప్పుడు ఏ పట్టీ అయినా బాగానే ఉంటుంది, ఎవరికైనా బాగానే ఉంటుంది, కొట్లో నాలుగడుగులు వేసి కొన్న చెప్పుల్లాగా, అసలు సంగతి తర్వాత కదా బయటపడేది, అందుకే ఈ కొట్లో నిలబడి కొననివ్వరు, మనిషిని తడి చొక్కాలా దూలానికి వేలాడదీసి మరీ అమ్ముతారు, అనుకుంది పళ్ళ డాక్టరమ్మ, దూలానికి వేలాడుతూ. పాదాలు రెండూ గోడకు కొట్టిన చెక్క మీద ఆనించి, మోకాళ్ళు బిగించి, నడుముకి చుట్టిన పట్టీ ముందువైపు, బొడ్డు దగ్గర, ఇనుప కొక్కెం, ఆ కొక్కేనికి పైనుంచి దిగిన తాడు, అంతే, ఇంకే ఆధారమూ లేదు, వెల్లకిలా గాలిలో. కింద పాత పరుపు వేశారు గానీ అది ధైర్యానికే. పైన రేకుల కప్పు, రేకుల సందులోంచి ఓ ఎండముక్క, తిరగని ఫ్యాను, రబ్బరు వాసన, ఉప్పు ఎండిన తాళ్ళ వాసన. ఇది మూడో పట్టీ. మొదటిదానికైతే ముందే "చాలా బాగుందండీ" అనేసింది, ఇంకా తాడు తగిలించకముందే, దాంతో కొట్టావిడ ఫక్కున నవ్వేసింది. తొందరపడి కూసిన కోయిల సంగతి ఏమవుతుందో తెలిసీ నోరు ఊరుకోదు కదా.

నీళ్ళ మీదా ఇదే కథ, కాకపోతే పరుపుండదు. రెండు సన్నటి డొప్పలు, మధ్యన మంచానికి నవారు బిగించినట్టు బిగించిన గుడ్డ, పైన తెరచాప, అదీ కాటమరాన్ అంటే. గాలి తెరచాపకి తగిలిందా, ఒక డొప్ప నీళ్ళలో దిగబడుతుంది, రెండోది పైకి లేస్తుంది, లేచినదాన్ని తొక్కిపెట్టడానికి ఒక మనిషి దాని అంచున నిలబడి, తెరచాప కొయ్య పైనుంచి వేలాడే తీగకి కొక్కెం తగిలించుకుని, ఒంటిని మొత్తం బయటికి, నీళ్ళ మీదికి, విసిరేయాలి. ఆ విసిరేసుకునే మనిషి డాక్టరమ్మ. చుక్కానీ, తెరచాప తాడూ పట్టుకుని హుకుం జారీచేసే మనిషి వదిన, అంటే భర్తకి అక్కగారు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా, ఆవిడ ఎటు తిప్పితే అటు తిరగాలి, లాగమంటే లాగాలి, వంగమంటే వంగాలి. ఒడ్డున "రండి వదినా, కూర్చోండి వదినా" అని ఎంత మర్యాదైనా జరుగుతుంది గానీ పడవెక్కాక మీరూ గీరూ ఉండవు, అలని చూసి "వదినగారూ, దయచేసి తిప్పండి" అనేలోపు ఇద్దరూ నీళ్ళలో ఉంటారు. అసలు మొగుడుగారు మాత్రం ఒడ్డునే, చేతిలో తువ్వాలు, చంకలో టీ ఫ్లాస్కు, కళ్ళల్లో భయం. తనకి మోకాలి లోతు నీళ్ళంటేనే జ్వరం. వీళ్ళిద్దరూ తిరిగి ఒడ్డుకి చేరేదాకా గుటకైనా వేయడు పాపం.

"మాట్లాడండి డాక్టరుగారూ, ఆగిపోయారు," అంది కొట్టావిడ సూది పట్టుకుని ఏదో పట్టీకి కుట్లు వేస్తూనే.

అదీ ఇక్కడి రూలు. వేలాడినంతసేపూ మాట్లాడుతూనే ఉండాలి. ఏదైనా సరే, వాతావరణం, బంధువులు, పక్కింటివాళ్ళ కుక్క. మాట ఆగిందంటే ఎక్కడో నొప్పి పుట్టిందన్నమాట, దింపేసి ఇంకోటి తగిలిస్తుంది. కొట్టావిడని అందరూ కొక్కేలావిడ అంటారు, ఒకప్పుడు ఆవిడా తీగకి వేలాడినదే, ఇప్పుడు ఒళ్ళు చేసింది, అమ్మకంలో ఆరితేరింది, కొట్టులో ఖరీదైనదే అందరి నడుముకీ సరిపోతుందని ఆవిడకో గట్టి నమ్మకం. మాట్లాడమంటే ఏం మాట్లాడాలి? జీవితమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి, దూది కుక్కి, అద్దం పెట్టి, "పిల్లలెంతమంది? ఏం చదువుతున్నారు?" అని అడిగింది, వాళ్ళు ఆ, ఊ, గళగళ తప్ప ఏమీ అనలేకపోయేవాళ్ళు, ఆ పాపం ఇప్పుడిలా తగులుకున్నట్టుంది. "ఆ, ఏం లేదండీ, ఇవాళ ఒకాయన వచ్చాడు, జ్ఞానదంతం పీకాలంటే జ్ఞానం పోతుందేమోనని బెంగ పెట్టుకున్నాడు," అంది. కొక్కేలావిడ నవ్వింది. గోడ పక్కన తిరగేసిన డబ్బా మీద కూర్చుని వదిన బిస్కెట్లు తింటోంది, నవ్వలేదు. పైకి, రేకుల వైపు, తాడు ముడి వైపు, మళ్ళీ కిందికి, మరదలి నడుం వైపు చూస్తోంది. రిటైరైన లెక్కల టీచరు కదా, చూపులోనే తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టుంటుంది. ఆ చూపు తగిలేసరికి డాక్టరమ్మ ఇంకాస్త హుషారుగా గొంతు పెంచింది.

నొప్పి మొదలైంది. కుడి పక్కన, కింద, తుంటి ఎముక పైన. తెలిసినదే, కొత్తదేం కాదు, సందు దొరికితే వచ్చి కూర్చునే చుట్టంలాంటిది. ఇన్నేళ్ళూ కుర్చీ పక్కన నిలబడి కుడికి వంగి వంగి, ఒక్కొక్కళ్ళ నోట్లో తొంగిచూసి చూసి, వెన్ను అటే ఒరిగిపోయింది. ఎముకల డాక్టరు మంచివాడే, వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, వ్యాయామం చెయ్యమన్నాడు, "మరి వేలాడొచ్చా?" అని అడిగితే కళ్ళజోడు తీసి, "గబ్బిలమా మీరు?" అన్నాడు. తర్వాత సంగతంతా విని, నడుముకి సరైన ఆసరా ఉంటే కాసేపు వేలాడవచ్చు, నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి, దాచకూడదు అన్నాడు. దాచకూడదట. ఆయనకేం, చెప్పేసి తర్వాతి పేషెంటుని పిలిచాడు. దాచక ఏం చేస్తుంది? నొప్పి అని ఒక్కసారి నోరు జారితే ఇక అంతే, మొగుడు ఫ్లాస్కు కింద పెట్టి "ఇక చాలు" అంటాడు, వదిన తెరచాప చుట్టేస్తుంది. చుట్టేసి ఏం చేస్తుంది ఆవిడ? పెళ్ళి లేదు, పిల్లల్లేరు, బడి లేదు, ఉన్నదల్లా ఆ పడవ. పోనీ ఇంకొకళ్ళు ఎక్కుతారా అంటే ఆవిడ నోటికి దడిచి ఎవరూ రారు, ఇదివరకు ఎక్కిన కుర్రాడు పోటీ మధ్యలోనే నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ ఒడ్డుకెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు. కాబట్టి డాక్టరమ్మ తేలు కుట్టిన దొంగలా ఏడాది నుంచీ నోరు మెదపలేదు. కిందటి నెల మాత్రం దాదాపు బయటపడిపోయింది. గాలి తగ్గింది, లోపలికి రావాలి, మోకాళ్ళు మడిచింది, నడుం పట్టేసింది, ఎంత పట్టేసిందంటే ఊపిరి కూడా అక్కడే ఆగిపోయింది, నీళ్ళకీ ఆకాశానికీ మధ్య అలా త్రిశంకులా. వదిన అరుస్తోంది, "రావే! ఏమైందే?" అని. అప్పుడు నోటికొచ్చింది అనేసింది, "కొక్కెం ఇరుక్కుంది వదినా!" అని. వదిన చుక్కాని వదిలి పాక్కుంటూ వచ్చి భుజం పట్టీలు పట్టుకుని లోపలికి ఈడ్చి, కొక్కెం విప్పింది. ఒడ్డుకొచ్చాక "ఆ పాత కొక్కెం పారేద్దాం, కొత్త పట్టీ కొందాం పద" అంది. అలా ఇక్కడికి. అబద్ధం ఒక్కటే ఆడింది గానీ దానికి మూడు పట్టీలు తొడుక్కుని వేలాడాల్సి వస్తోంది.

మొదటి పట్టీ క్లబ్బులో కుర్రపిల్లలు వేసుకునే రకం, సన్నగా, నాజూగ్గా, తుంటి చుట్టూ మాత్రమే పట్టుకునేది. వాళ్ళకేం, వాళ్ళ నడుములు వాళ్ళ మాట వింటాయి. అందులో వేలాడగానే పైసగం ఒళ్ళంతా వెనక్కి వేలాడిపోయి, దాన్ని ఆపడానికి పొట్టా వీపూ వణికాయి. రెండోదానికి వెనక గట్టి అట్ట, నిజమే, వీపుకి ఆసరా ఉంది, కానీ కొక్కెం ఉన్న ఇనుప పట్టా కాసేపటికి మెల్లగా పైకి పాకి పక్కటెముకల్లో గుచ్చుకుంది, తిరగేసిన తాబేలులా కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఈ మూడోది వెడల్పుగా, మెత్తగా, తొడల కింద వెడల్పాటి పట్టీలతో, తుంటి నుంచి రెక్కల కిందిదాకా వీపంతా చుట్టేసింది, చూడ్డానికి మాత్రం చంటిపిల్లని మోసే సంచిలా ఉంది, ఇది వేసుకుని క్లబ్బుకెళ్తే నవ్వుతారు. నవ్వనీ. హాయిగానే ఉంది. దాదాపు హాయిగా ఉంది. ఆ కుడి పక్కదొక్కటే. అదొక్కటీ నోరు మూసుకుంటే, అనుకుంది, ఈ పట్టీతో ఇంకో రెండేళ్ళు లాగించేయొచ్చు, వదినకి తెలియకుండానే. అసలు ఎక్కువ కాలం లాగాల్సిన పనే ఉండదేమో. వదినే పెద్దదైపోతోంది. ఈ సీజనంతా చూస్తూనే ఉంది కదా, ఇదివరకైతే డొప్ప గాలిలోకి లేచినా ఆవిడ తెరచాప తాడు పంటి బిగువున పట్టుకునేది, "లెగనీ! లెగనీ!" అని కేకలేసేది, ఇప్పుడు డొప్ప కాస్త లేవగానే తాడు సడలించేస్తోంది, గాలిని జారవిడిచేస్తోంది, పడవ బుద్ధిగా కిందికి దిగిపోతోంది, డాక్టరమ్మ పూర్తిగా బయటికి వాలకముందే అవసరం తీరిపోతోంది. ఇవతల పిల్లకాకుల్లాంటివాళ్ళు కూడా దాటుకుని పోతున్నారు. చేతుల్లో పట్టు తగ్గిందేమో పాపం, కళ్ళు కనబడటం లేదేమో. ఒకసారి అడుగుదామనుకుంది, మళ్ళీ నొచ్చుకుంటుందని ఊరుకుంది. పెద్దావిడ, పోనీలే, ఓడిపోతే ఏం, ఎండా గాలీ ఉన్నాయి కదా అనుకుంది. ఆవిడ మీద జాలితో రెండుసార్లు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

"ఇదేమిటండీ, భుజం పట్టీలు ఇంత బిగించారు?" కొక్కేలావిడ సూది పక్కనపెట్టి లేచొచ్చింది. వేలు దూర్చి చూసింది, వేలు దూరలేదు. "ఎవరు బిగించారు?"

"నేనే. అలవాటు."

"ఒడ్డున నిలబడి బిగించేసుకుంటారా?"

"అవును."

"నిలబడి బిగిస్తే, వాలినప్పుడు ఒళ్ళు సాగుతుంది, పట్టీ సాగదు. భుజాలు రెండూ కొక్కెం మీదికి లాగేస్తుంది. వెన్ను విల్లులా వంగి చస్తుంది. వాలిన తర్వాత సరిచేసుకోవాలి, ఇదెవరూ చెప్పలేదా?" అని ఆగి, కొక్కేలావిడ మామూలుగానే అంది, "నొప్పి ఉన్నవాళ్ళే ఇలా బిగిస్తారు లెండి. గట్టిగా పట్టుకుంటే తగ్గుతుందనిపిస్తుంది."

డాక్టరమ్మ వదిన వైపు చూడకూడదనుకుని చూసింది. వదిన బిస్కెట్టు నములుతోంది. ఆశ్చర్యం లేదు, ప్రశ్న లేదు, కనుబొమ్మ కూడా లేవలేదు, బిస్కెట్టు పొడి ఒళ్ళోంచి దులుపుకుంది, అంతే. వినలేదేమో, అనుకుంది డాక్టరమ్మ. చెవులు కూడా మందగించాయేమో. "నొప్పేం లేదండీ, అలవాటే," అంది మళ్ళీ, కాస్త పెద్దగా. కొక్కేలావిడ భుజం పట్టీలు సడలించింది, పట్టీ సడలుతుంటే వెన్నులో ఒక్కొక్క పూసా విడిచినట్టైంది, అబ్బ, ఇన్నాళ్ళూ నన్ను నేనే కట్టేసుకుని నొప్పి నొప్పి అనుకున్నానా, నోళ్ళలో తొంగిచూసే కళ్ళకి నా భుజాలు కనబడలేదా అనుకుంది. కానీ కుడి పక్కది అలాగే ఉంది. అది అబద్ధం కాదు.

"ఇప్పుడు ఊపి చూడాలి," అంది కొక్కేలావిడ. "నీళ్ళు కదలకుండా ఉంటాయా ఏమిటి? పడవ నడిపేవాళ్ళే ఊపాలి, మీరు రండి టీచరుగారూ." దూలం మీదుగా వేసిన తాడు రెండో కొస ఆవిడ చేతికిచ్చింది. అది లాగితే వేలాడే మనిషి పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది, అలల మీద లేచిపడ్డట్టు. వదిన చేతులు తన బనీను అంచుకి తుడుచుకుని తాడు అందుకుంది. అందుకుని లాగింది. ఏం లాగడం అది! పసిబిడ్డ నిద్రలేస్తుందేమోనన్నట్టు, మెల్లగా, ఇంత పైకి, మళ్ళీ మెల్లగా కిందికి. డాక్టరమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. ఈ ఊపు తనకి తెలుసు. ఒళ్ళంతటికీ తెలుసు. ఇలాగే లేవడం, లేచీ లేవకముందే సడలడం, మెత్తగా దిగడం.

"ఇదేం ఊపండీ," అంది కొక్కేలావిడ, "సముద్రం ఇలా ఉంటుందా?"

"మా పడవలో ఇలాగే ఉంటుంది," అంది వదిన.

డాక్టరమ్మ మాట ఆగిపోయింది. మా పడవలో ఇలాగే ఉంటుంది. రేకుల సందులో ఎండముక్క అటూ ఇటూ కదులుతోంది, లేదు, కదిలేది తనే. చేతుల్లో పట్టు తప్పలేదు. కళ్ళు మసకబారలేదు. చూడు ఆ చేతుల్ని, తాడుని ఎంత కొలతగా వదులుతున్నాయో, అంగుళం అంగుళం, పట్టు లేని చేతులు అలా వదలగలవా, జారిపోతే జారిపోతుంది గానీ ఇలా మెత్తగా దింపడానికి ఎంత బలం కావాలి! సీజనంతా. ప్రతి గాలికీ. పిల్లకాకులు దాటిపోతుంటే, గెలవాల్సిన పోటీలన్నీ ఓడిపోతుంటే, రెండో స్థానం వచ్చినా అన్నం మానేసే మనిషి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడని మనిషి, పళ్ళు నూరుకుంటూ తాడు సడలించింది, నా నడుం మీద బరువు పడకుండా. నేను ఆవిడ మీద జాలిపడుతున్నాను, ఆవిడ నా మీద. ఎంత సిగ్గుచేటు, ఎంత నవ్వులాట! కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"మాట్లాడండి," అంది కొక్కేలావిడ.

"వదినా," అంది డాక్టరమ్మ. "గట్టిగా లాగు."

వదిన తాడు పట్టుకుని అలాగే నిలబడింది. "నొప్పి పుడుతుందే."

"పుడితే చెబుతాను."

"నువ్వు చెప్పవు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఎండ కాస్తోంది అన్నట్టు అంది. అదే ఎక్కువ తగిలింది. డాక్టరమ్మ రేకుల కప్పు వైపు చూస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, నోట్లో దూది తీసేసినట్టు గబగబా చెప్పేసింది. "ఉంది వదినా. ఇప్పుడూ ఉంది. కుడి పక్కన, కింద. ఏడాది నుంచీ ఉంది. ఆ రోజు కొక్కెం ఇరుక్కోలేదు."

"తెలుసు. విప్పింది నేనే కదే. వెన్నలా ఊడొచ్చింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని. నువ్వు చెప్పలేదేం?"

"చెబితే పడవ అమ్మేస్తావని."

"అమ్మేసేదాన్నే," అంది వదిన. "నువ్వు లేకుండా ఇంకెవరితో ఎక్కుతాను, నన్నెవరు భరిస్తారు? నాకు తెలియదనుకున్నావా నా నోటి సంగతి?" ముక్కు ఎగబీల్చింది. "ఈ సీజనంతా బంగారంలాంటి గాలిని పారబోశానే నీ కోసం. ఆ కుర్రమూక నా పక్కనుంచి చెయ్యి ఊపుకుంటూ పోతుంటే కడుపు మండిపోయేది. నువ్వేమో ఒడ్డుకొచ్చాక 'పోనీలెండి వదినా' అని నన్ను ఓదార్చేదానివి! నిన్నూ..."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, గాలిలో వేలాడుతూ నవ్వితే పట్టీ అంతా ఊగింది, నవ్వులో కళ్ళనీళ్ళు చెవుల్లోకి జారాయి, వెల్లకిలా ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకే పోతాయి, పాపం తన కుర్చీలో పడుకునేవాళ్ళకీ ఇంతే అనుకుంది. కొక్కేలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ఇద్దరే," అంది. "ఇంతకీ ఎక్కడ నొప్పి? వేలు పెట్టి చూపించండి." డాక్టరమ్మ చూపించింది. వేలు పెట్టి చూపించడం ఎంత తేలిక, ఇన్నాళ్ళూ అదేదో కొండ అనుకుంది. కొక్కేలావిడ కుడి తొడ పట్టీ కాస్త వదులుచేసింది, కొక్కెం ఉన్న పట్టాని కొంచెం పైకి జరిపి బిగించింది, పట్టీ వెనక జేబులోకి ఇంకో మెత్త దూర్చింది, దానికి ధర వేరే అని చెప్పడం మరిచిపోలేదు. "ఇప్పుడు?" ఉంది గానీ తక్కువ. ఇంకొంచెం జరిపింది. "ఇప్పుడు?" చాలా తక్కువ. పూర్తిగా పోలేదు, పోదు కూడా, అది పట్టీతో పోయే నొప్పి కాదని డాక్టరమ్మకి తెలుసు, వదినకీ తెలుసు.

"విను," అంది వదిన, తాడుని అరచేతి చుట్టూ ఒక మెలిక తిప్పుకుంటూ, అది పాత వదిన గొంతు, బ్లాక్ బోర్డు ముందు నిలబడ్డ గొంతు. "ఇవాళ్టి నుంచి నీ మొహం చూసి, నీ మూలుగు విని, ఊహించుకుని వదలను. నొప్పి అని నోరు తెరిచి అరిచావా, ఆ క్షణమే గాలి వదిలేస్తాను, గెలిచే పోటీ అయినా సరే. అరవకపోయావో, చచ్చినా వదలను. సరేనా?"

"సరే."

వదిన ఒక కాలు గోడకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. దూలం కిర్రుమంది. డాక్టరమ్మ చెక్క మీంచి అమాంతం పైకి లేచిపోయింది, కడుపులో ఖాళీ, చెవుల్లో గాలి, ఈ సీజన్లో ఎరగని ఎత్తు, ఆ ఎత్తులో ఓ చోట నడుం కుడి పక్కన చురుక్కుమంది. పళ్ళు బిగిసిపోయాయి, పాత అలవాటు, పెదాలు మూసుకుపోయాయి. కింద వదిన తాడు బిగబట్టి, వదలకుండా, తలెత్తి తన మొహంలోకే చూస్తూ నిలబడి ఉంది.

"నొప్పి!" అని అరిచింది డాక్టరమ్మ.

తాడు సడలింది.